విశ్లేషణ రాయమంటే కథ చెప్పేస్తున్నాను. ఎక్కడ దిద్దుకోవాలి?

నల్లకుంట చదువరి · ఆదివారం ఉదయం 9:40

అందరికీ నమస్కారం. దూరవిద్యలో ఎమ్మే తెలుగు మొదటి సంవత్సరం. ‘దిద్దుబాటు’ మీద నాలుగు పేజీల విమర్శ వ్యాసం ఇవ్వాలి. మొదటి పేరా కింద పెడుతున్నాను. మొహమాటపడకుండా చెప్పండి.

“దిద్దుబాటు కథ గురజాడ అప్పారావు గారి చేత రచింపబడింది. ఈ కథలో గోపాలరావు అనే ఒక వ్యక్తి రాత్రిపూట ఆలస్యంగా ఇంటికి రావడం జరుగుతుంది. అతని యొక్క భార్య కమలిని ఇంట్లో లేకపోవడం వలన అతను బాధపడతాడు. చివరికి తన తప్పు తెలుసుకుంటాడు. ఈ కథ ద్వారా రచయిత ఆనాటి సమాజంలోని స్త్రీల సమస్యలను కళ్ళకు కట్టినట్లు చిత్రించారు.”

రెండు ప్రశ్నలు. ఒకటి, విశ్లేషణ ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు, నా వాక్యాలు ఎందుకింత బరువుగా ఉన్నాయి?

వాచకం · ఆదివారం ఉదయం 10:25

అమ్మా, అయిదు వాక్యాలు రాశావు. మొదటిది రచయిత పేరు, తర్వాతి మూడూ కథ. అయిదోది ఏ కథకైనా అతుకుతుంది. ఎప్పుడూ ఈ పరీక్ష పెట్టుకో: వాక్యంలో కథ పేరు తీసేసి ఇంకో కథ పేరు పెట్టు. అప్పుడూ వాక్యం చెక్కుచెదరకపోతే కొట్టెయ్యి. “కళ్ళకు కట్టినట్లు చిత్రించారు” అన్నది ఈ పరీక్షలో నిలవదు.

కథని మూడుసార్లు చదవాలి. మూడుసార్లూ ఒకేలా కాదు. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకు, ఏకబిగిన చదివెయ్యి. రెండోసారి పెన్సిల్‌తో చదువు, కానీ నచ్చిన వాక్యాల కింద గీతలు గీయకు. గీతలు గీసిన పుస్తకం తర్వాత తెరిస్తే ఎందుకు గీశామో గుర్తుండదు. అంచున ప్రశ్న రాయి. మూడోసారి ఆ ప్రశ్నలున్న చోట్లు మాత్రమే చదువు.

నోట్‌బుక్‌లో ఎడమ పేజీకి కథలోని మాట ఉన్నదున్నట్టు, పేజీ నంబరుతో దించుకో. కుడి పేజీకి నీ ప్రశ్న రాయి. రెండూ ఒకే పేజీలో కలిపేస్తే నెల తర్వాత ఏది రచయిత మాటో ఏది నీ మాటో తేలదు. పొరపాటున కాపీ కొట్టినట్టయ్యే వ్యాసాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

ఈ కథకి నీ కుడి పేజీలో రావలసిన ప్రశ్నలు: కమలిని మన కంటికి ఎక్కడ కనిపిస్తుంది? ఆమె మాట మన దాకా ఏ దారిన వస్తుంది? కథ ఎవరి పక్కన నిలబడి నడుస్తుంది? వీటికి జవాబులు రాస్తే, కథంతా గోపాలరావు వెంటే ఉన్నా అతన్ని ఆడించేది ఎదురుగా లేని కమలిని అని తేలుతుంది. ఇది వాదన. ఎందుకు వాదన అంటే, చదువుకున్నవాళ్ళెవరైనా “కాదు, మారింది గోపాలరావే కాబట్టి కథ అతనిదే” అని ఎదురుచెప్పగలరు. ఎవరూ కాదనలేని వాక్యం మీద నాలుగు పేజీలు నిలబడవు.

ఇంకో సంగతి. “తెలుగులో తొలి కథ ఏది” అన్న చర్చతో వ్యాసం మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. దిద్దుబాటు 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. భండారు అచ్చమాంబ కథలు అంతకు ముందువి, ‘ధనత్రయోదశి’ 1902 నాటిది. ఆ చర్చ ముఖ్యమే. కానీ నీ వాదనకి అది పనికిరాదు, ఒక పేజీ మింగేస్తుంది. వదిలెయ్యి.

కత్తెర · ఆదివారం ఉదయం 11:10

వాక్యాల సంగతి నేను చెప్తాను. బరువు నాలుగు చోట్ల ఉంది.

“చేత రచింపబడింది.” తెలుగులో ‘బడు’ ప్రయోగం దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. చేసినవాడు తెలిస్తే వాడితోనే మొదలుపెట్టండి: గురజాడ రాశారు. చేసినవాడు తెలియకపోతే, లేదా చెప్పనక్కర్లేకపోతే మనం మాట్లాడేటప్పుడు ఏమంటాం? “రోడ్డు తవ్వేశారు”, “కరెంటు తీసేశారు” అంటాం. ఎవరు తవ్వారో, ఎవరు తీశారో చెప్పం. కర్త లేకుండా బహువచన క్రియ పెడితే చాలు, తెలుగులో ఆ పని అయిపోతుంది. “రోడ్డు తవ్వబడింది” అని ఎవరూ అనరు కదా.

“రావడం జరుగుతుంది.” వస్తాడు అంటే సరిపోతుంది. ‘జరుగు’ పెళ్ళికీ, ప్రమాదానికీ, సభకీ వాడుకోండి. మనిషి చేసే పనికి వాడితే చేసేవాడు మాయమై ప్రకటనలా వినిపిస్తుంది.

“అతని యొక్క భార్య.” ‘అతని’ అనడంలోనే షష్ఠి ఉంది. యొక్క అదనం. వ్యాసం మొత్తంలో ‘యొక్క’ వెతికి ఒక్కొక్కటీ తీసి చూడండి, పదింట తొమ్మిది చోట్ల అర్థం చెడదు.

“అనే ఒక వ్యక్తి.” లెక్క చెప్పేటప్పుడు ‘ఒక’ కావాలి. లేకపోతే గోపాలరావు ఒక్కడే అని ఎవరికి తెలియదు? ‘వ్యక్తి’ పోలీసు రిపోర్టు మాట.

దగ్గరగా చూడ్డానికి, ఈ కథకి సంబంధం లేని వాక్యం ఒకటి దిద్ది చూపిస్తాను.

ముందు: “మధ్యాహ్నం సమయంలో తీవ్రమైన ఎండ కారణంగా సుల్తాన్ బజారులో ఉన్న దుకాణాల యొక్క తలుపులు సగం వరకు మూసివేయబడి ఉన్నాయి.”

తర్వాత: “మిట్టమధ్యాహ్నం. ఎండకి సుల్తాన్ బజారు కొట్లన్నీ షట్టర్లు సగం దించేశాయి.”

పదిహేను మాటలు ఎనిమిదికి దిగాయి. ‘ఎండ కారణంగా’ పోయి ‘ఎండకి’ వచ్చింది. ‘కి’ ప్రత్యయం ఒక్కటే కారణం చెప్పేస్తుంది: చలికి వణకడం, ఆకలికి ఏడవడం, భయానికి పారిపోవడం. ‘తలుపులు’ పోయి ‘షట్టర్లు’ వచ్చాయి, ఎందుకంటే అక్కడ ఉన్నవి అవే.

ఇంకొక తప్పు మీ పేరాలో లేదు, కానీ పొడుగు వాక్యాలు మొదలుపెట్టగానే వస్తుంది. ‘చేసి, వచ్చి, చూసి’ అని క్రియలు గొలుసు కట్టేటప్పుడు అన్నిటికీ కర్త ఒకరే ఉండాలి. “గోపాలరావు ఉత్తరం చదివి రాముడు లోపలికి వచ్చాడు” అంటే తప్పు. “చదివాక” అనాలి. కారణం చెప్పేచోట మాత్రం వాడుకలో చెల్లుతుంది: “వాన పడి బట్టలు తడిశాయి.”

నల్లకుంట చదువరి · ఆదివారం మధ్యాహ్నం 12:30

ధన్యవాదాలండీ. మాస్టారూ, రెండోసారి చదివేటప్పుడు ప్రశ్న రాయమన్నారు. కథ చదువుతుంటే అంతా బాగానే అనిపిస్తోంది, ఏ ప్రశ్నా తట్టడం లేదు. ముందుగా దేన్ని వెతకాలి?

వాచకం · ఆదివారం మధ్యాహ్నం 1:15

ముందు సర్వనామాలు వెతుకు. తెలుగు కథకి ఇంతకంటే మంచి తాళంచెవి నాకు తెలియదు.

మగవాడి గురించి చెప్పాలంటే మనకి వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లున్నాయి. ఆడవాళ్ళకి అది, ఆమె, ఆవిడ, వారు. కథకుడు ఏ పాత్రని ఏ మెట్టు మీద నిలబెట్టాడో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అసలు విషయం ఎక్కడుంటుందంటే, మెట్టు మారిన చోట. ‘ఆయన’ అంటూ వచ్చిన భార్య ఒక్కసారి ‘అతను’ అంటే, ఆ వాక్యానికి ముందు ఏదో తెగింది. రచయిత దాని గురించి ఒక్క మాట చెప్పకపోయినా సరే. ఆ చోటు అంచున ప్రశ్న రాసుకో.

తర్వాత పిలుపులు. ఎవరు ఎవర్ని నువ్వు అంటున్నారు, ఎవరు మీరు అంటున్నారు, ‘అండీ’ ఎక్కడ రాలిపోయింది, ‘ఏమే’ ఎక్కడ వచ్చింది. ఒక కాగితం మీద పాత్రల పేర్లు రాసి మధ్యలో బాణాలు గీసి, బాణం మీద ఆ పిలుపు రాయి. రెండు వైపులా ఒకే పిలుపు ఉండదు. ఆ తేడాయే ఆ ఇంటి పటం.

మూడోది, మనం–మేము. ‘మనం’ ఎదుటివాణ్ణి కలుపుకుంటుంది, ‘మేము’ బయట నిలబెడుతుంది. దంపతుల సంభాషణలో ‘మా ఇల్లు’, ‘మన ఇల్లు’ ఎవరి నోట వస్తున్నాయో లెక్కపెట్టు.

వీటిని చూడ్డానికి సిద్ధాంతాలేవీ అక్కర్లేదు. సిద్ధాంతం తర్వాత చదువుకోవచ్చు. ముందే చదివితే కథలో ఉన్నది కాక సిద్ధాంతంలో ఉన్నదే కనిపిస్తుంది.

మానేరు గాలి · ఆదివారం మధ్యాహ్నం 3:05

మాస్టారు చెప్పింది మస్తుగున్నది. గని ఆ నాలుగు మెట్లు అన్ని జాగల ఒక్కతీరుగ ఉండయ్. మా దిక్కు ‘వాడు’ అంటే ప్రేమ గూడ, ‘ఆమె’ అంటే కోపం గూడ కావచ్చు. కథ ఏ జిల్లాదో చూస్కోకుంట మెట్లు లెక్కబెడితే అర్థం తారుమారైతది.

అక్క రేపు కథ రాస్తదేమో, అందుకే యాస గురించి ఒక మాట జెప్త. హైదరాబాద్ మీద కథలు రాసేటోళ్ళు చానమంది ‘జర’, ‘గిట్ల’, ‘ఏందిరా’ అని నాలుగు మాటలు చల్లి, క్రియలు మాత్రం పత్రిక భాషల రాస్తరు. “జర ఆగు, ఆయన ఇప్పుడే వచ్చాడు” అంటే అది యెవ్వని నోట్లకెళ్ళి రాదు. యాస క్రియల ఉంటది. వచ్చాడు కాదు, వచ్చిండు. చేశారు కాదు, చేసిన్రు. వెళ్ళాను కాదు, పోయిన. వస్తాను కాదు, వస్త. చెప్తారు కాదు, చెప్తరు. ఉంటుంది కాదు, ఉంటది. ముందు ఈ వరుస ఒక కాగితం మీద రాస్కొని గోడకు అతికిచ్చుకోవాలె. క్రియలు కుదిరినంక ‘జర’ ఒక్కసారి గూడ లేకున్నా మనిషి మాట్లాడినట్లే ఉంటది.

తెలంగాణ అంత ఒక్కటే యాస అనుకోవద్దు. మా కరీంనగర్ దిక్కు ‘అచ్చిండు’ అంటరు, పట్నంల ‘వచ్చిండు’. తండ్రిని మా దగ్గర ‘బాపు’ అంటరు, నల్లగొండ దిక్కు ‘నాయిన’. పాత బస్తీ పక్కన పెరిగిన పాత్ర అయితే దవాఖాన, నౌకరి, పరేషాన్, తక్లీఫ్ అనే మాటలు ఊకె వస్తయ్. అవి అలంకారం కోసం కాదు, వాళ్ళకు వేరే మాట యాదికి రాదు కాబట్టి. ఒక పాత్రకు ఒక ఊరు ఖాయం చేసి, కథ అయిపోయేదాక ఆ ఊరు మార్చొద్దు.

కథకుని భాష వేరే ఉండొచ్చు. రెండు పద్ధతులున్నయ్: కథనం పత్రిక భాషల, మాటలు యాసల, లేకపోతే కథనం గూడ యాసలనే. ఏది పట్టుకుంటే అది చివరిదాక పట్టుకోవాలె. సగం దాటినంక కథనం జారిపోతది, అక్కడనే చానా కథలు దెబ్బతింటయ్.

వాచకం · ఆదివారం మధ్యాహ్నం 3:30

మానేరు గాలి గారు చెప్పింది సరైన సవరణ. మెట్లు లెక్కపెట్టే ముందు ఆ ఊళ్ళో ఆ మాటకి ఉన్న బరువు తెలుసుకోవాలి. నా జాబుకి దీన్ని కలిపి చదువుకోమ్మా.

గణవిభజన · ఆదివారం సాయంత్రం 6:20

వచనం రాసేవాళ్ళకి పద్యం ఎందుకు అంటారు గానీ, చెవి తయారు కావడానికి రోజుకి ఒక్క పాదం గణవిభజన చేయడం, అంటే గురువు, లఘువుల గుంపులుగా విడదీయడం కన్నా దగ్గరదారి లేదు. పది నిమిషాల పని.

సులువైన ఛందస్సు ఆటవెలది. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: హగణం, నగణం. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి (అక్షరమైత్రి) కుదరాలి, లేదా ప్రాసయతి (వాటి తర్వాతి అక్షరాలు కలవడం) చెల్లుతుంది. ప్రాసనియమం లేదు.

అభ్యాసానికి ఒక పాదం కడుతున్నాను:

పాత పుస్తకాల బాటలో దొరికెను

విడగొడితే: పాత / పుస్త / కాల / బాటలో / దొరికెను. మొదటి మూడూ హగణాలు, అంటే గురువు, లఘువు. ‘బాటలో’ గురువు, లఘువు, గురువు, రగణం. ‘దొరికెను’ నాలుగూ లఘువులే, నలం. యతి పా–బా.

కొత్తవాళ్ళు తప్పు చేసేది ‘పుస్త’ దగ్గర. ‘పు’ హ్రస్వం కాబట్టి లఘువు అనుకుంటారు. దాని వెనక ‘స్త’ అనే సంయుక్తాక్షరం ఉంది, దాన్ని పలకడానికి ‘పు’ మీద ఊనాలి, అందుకే అది గురువు. పైకి చదివితే ఈ సంగతి నోటికే తెలుస్తుంది. కళ్ళతో చదివితే తెలియదు.

ఇప్పుడు ‘బాటలో’ తీసి ‘సందులో’ పెట్టండి. గణం అదే రగణం, లెక్క తప్పలేదు. కానీ పా–సం యతి పోయింది. పైకి చదివి చూడండి, పాదం మధ్యలో మెట్టు విరిగినట్టు ఉంటుంది. ఆ విరుపు వినగలిగిన చెవి వచనంలో కూడా ఎక్కడ వాక్యం తడబడిందో పట్టేస్తుంది.

పాత పద్యం చదివేటప్పుడు క్రమం ఇది: పైకి రెండుసార్లు చదవాలి, పదాలు విడగొట్టాలి, సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) ఎక్కడుందో పట్టుకోవాలి, దానికి ‘ఎవరు, ఏమి’ అని అడిగి అన్వయం కుదుర్చుకోవాలి, ఆ తర్వాతే నిఘంటువు. చాలామంది ముందే నిఘంటువు తెరిచి ప్రతి మాటకీ అర్థం రాసుకుంటారు. మాటలన్నీ తెలుస్తాయి, పద్యం తెలియదు. కావ్యాల మాటలకి శబ్దరత్నాకరం, వాడుక మాటలకి బ్రౌన్ నిఘంటువు చూడండి. రెండూ ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటుశోధనలో ఒకేసారి దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. బాలవ్యాకరణం 1858లో వచ్చింది, గ్రాంథికానికి రాసింది. అందులోని సంధుల్ని ఇవాళ్టి వ్యాసంలో పెడితే భాష రెండు ముక్కలవుతుంది. వ్యాకరణం చదవండి, పద్యం విడదీయడానికి వాడండి. మీ వ్యాసంలో ‘చేయుచున్నాడు’, ‘చేస్తున్నాడు’ పక్కపక్కన పడకుండా చూసుకోండి.

కత్తెర · ఆదివారం రాత్రి 8:00

రోజువారీ అభ్యాసం అడుగుతారని ముందే రాస్తున్నాను. అరగంట చాలు. బాగా రాసిన వచనంలో ఒక పేరా, నూట ఇరవై మాటలకి మించనిది, చేత్తో ఎత్తి రాయండి. పుస్తకం మూసి, టీ తాగి వచ్చి, అదే పేరా గుర్తున్నంత వరకు మళ్ళీ రాయండి. రెండూ పక్కన పెట్టి క్రియల కింద మాత్రం గీతలు గీయండి. ఆ రచయిత ‘తొంగిచూసింది’ అన్నచోట మీరు ‘చూసింది’ అని ఉంటారు. ఆయన ఒక క్రియతో సరిపెట్టిన చోట మీరు క్రియావిశేషణం తగిలించి ఉంటారు. ఆ తేడాలే మీ పాఠం.

గణవిభజన · ఆదివారం రాత్రి 8:40

కత్తెర గారూ, ఇక్కడ మీతో విభేదిస్తాను. ఒకే రచయితని నెలరోజులు ఎత్తి రాస్తే వాళ్ళ విరుపులు చేతికి పట్టేస్తాయి, వదిలించుకోవడం కష్టం.

కత్తెర · ఆదివారం రాత్రి 9:05

ఒప్పుకుంటాను. అందుకే వారానికి ఒకరి చొప్పున మార్చుకోవాలి. నాలుగు వారాల్లో ఒకరు కథకులు, ఒకరు విమర్శకులు, ఒకరు యాత్రాచరిత్ర రాసినవారు, ఒకరు సంపాదకీయాలు రాసినవారు ఉండాలి. కానీ ఎత్తిరాత మానొద్దు. కళ్ళు దాటేసే చోట చెయ్యి ఆగుతుంది.

మానేరు గాలి · ఆదివారం రాత్రి 9:30

పుస్తకాలు కొననక్కర లేదు అక్కా. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నీకు నడిచిపోయేంత దూరం. పాత పత్రికలు, పాత ముద్రణలు కావాలంటే సుల్తాన్ బజార్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది, 1901ల పెట్టిన్రు. ఆదివారం పొద్దుగాల ఆబిడ్స్ ఫుట్‌పాత్ తిరిగితె పాత కథల సంపుటాలు దొరుకుతయ్. కొనే ముందు నడుమ పేజీలు, చివరి పేజీలు ఉన్నయా లేవా చూడాలె. గోలకొండ కవుల సంచిక దొరికితె ఇడిచిపెట్టకు. తెలంగాణల కవులే లేరన్న మాటకు జవాబుగ 1934ల సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలు ఒక్క జాగల పెట్టిండు. పద్యం విడదీసుడు నేర్చుకునేటోళ్ళకు ఆ ఒక్క పుస్తకం ఏడాది సరిపోతది.

నల్లకుంట చదువరి · మంగళవారం రాత్రి 10:15

మూడుసార్లు చదివాను. మొదటి పేరా మళ్ళీ రాశాను.

“గురజాడ ‘దిద్దుబాటు’ కథ మొత్తం గోపాలరావు వెంటే నడుస్తుంది. అతను చూసిందే మనం చూస్తాం, అతనికి తెలిసినప్పుడే మనకీ తెలుస్తుంది. కమలిని మాత్రం చివరిదాకా ఎదురుపడదు. ఆమె మాట ఉత్తరంగా మాత్రమే అందుతుంది. అయినా గోపాలరావు కంగారు, నౌకరుని నిలదీయడం, తప్పు ఒప్పుకోవడం, అన్నీ ఆమె కనబడకపోవడం, ఆ ఉత్తరం నడిపించినవే. కథలో ఉన్నది భర్త, కథ నడిపింది భార్య. ఉద్ధేశపూర్వకంగానే రచయిత ఆమెని దాచాడని ఈ వ్యాసంలో చూపిస్తాను.”

ఇంకోటి, పరీక్షలో ఇలా రాయడానికి టైం సరిపోతుందా?

కత్తెర · మంగళవారం రాత్రి 10:40

వాక్యాలు తేలికపడ్డాయి, చాలా సంతోషం. “కథలో ఉన్నది భర్త, కథ నడిపింది భార్య” అన్నది ముందు వాక్యాల్లో చెప్పేశారు, తీసేయొచ్చు. ఉంచాలనుకుంటే దాంతోనే పేరా మొదలుపెట్టండి.

పరీక్ష సంగతి: మూడు గంటల్లో అయిదు పెద్ద జవాబులుంటే ఒక్కోదానికి 33 నిమిషాలు, చివర్లో దిద్దుకోవడానికి 15 నిమిషాలు మిగులుతాయి. ఆ 33లో మొదటి 5 నిమిషాలు వాదన ఒక వాక్యంలో, దానికి మూడు ఆధారాలు మూడు ముక్కల్లో రాసుకోవాలి. ఈ 5 నిమిషాలు ఆదా చేద్దామనుకున్నవాళ్ళే కథ చెప్పడం మొదలుపెడతారు, ఎందుకంటే ఏం రాయాలో తోచనప్పుడు చేతికి అందేది కథే.

అచ్చుతప్పు · బుధవారం ఉదయం 7:50

‘ఉద్ధేశం’ కాదు, ‘ఉద్దేశం’. దకి ద ఒత్తు. ఇదే వరసలో వ్యాసాల్లో తరచు తప్పేవి: అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, ఒత్తు మారితే మాటే మారుతుంది. విద్యార్థి ‘థ’తో రాయాలి. ఉచ్చారణకి ఛ ఒత్తు లేదు, స్వచ్ఛానికి ఉంది. నిర్ధారణ ‘ధ’, నిర్దేశం ‘ద’. శ్రేష్ఠం ‘ఠ’, విశిష్టం ‘ట’. మధ్యాహ్నంలో హ మీద న ఒత్తు, న మీద హ ఒత్తు కాదు. కళ్ళు, కళ్లు రెండూ వాడుకలో ఉన్నాయి, కానీ వ్యాసమంతా ఒకటే ఉండాలి.

మీ పేరాలో ‘మాత్రం’, ‘మాత్రమే’ పక్కపక్క వాక్యాల్లో పడ్డాయి. మొదటిది తీసేయండి. రచయితని మొదట్లో ‘గారు’ అన్నారు, ఇప్పుడు ‘దాచాడు’ అంటున్నారు. విమర్శలో గారు అక్కర్లేదు, కానీ ‘దాచారు’ అంటే బాగుంటుంది. ఏది ఎంచుకున్నా నాలుగు పేజీలూ అదే ఉండాలి.

టైపు చేసేటప్పుడు ‘హైదరాబాద్‌లో’ లాంటి చోట్ల ద్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) కొట్టాలి, లేకపోతే లకారం ఒత్తై కిందికి దిగిపోతుంది. అచ్చు తీసే ముందు కాగితం మీద ఒకసారి, చివరి వాక్యం నుంచి మొదటికి వెనక్కి చదువుతూ దిద్దండి. ముందు నుంచి చదివితే అర్థం లాక్కుపోతుంది, అక్షరం కనిపించదు.

వాచకం · బుధవారం ఉదయం 9:10

పేరా నిలబడిందమ్మా. ‘దాచాడు’ అన్నావు కాబట్టి రెండో పేరా దాపరికం తెరుచుకునే చోట మొదలుపెట్టు. కమలిని బయటపడేది నవ్వుతో. ఆ నవ్వుకి సరిగ్గా ముందు మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో? ఎడమ పేజీలో ఆ వాక్యం దించుకుని ఇక్కడ పెట్టు.